పండుగ నెలలో వచ్చే గుండెదడ: కాజీపేట కుటుంబంతో ఒక కేస్ స్టడీ

ఈ కేసు కాజీపేటలో నివసించే ఒక క్రైస్తవ ఉమ్మడి కుటుంబానిది. ఇంట్లోని పెద్దలు, పిల్లలు అందరూ ఒప్పుకున్న తర్వాతే దీన్ని రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వయసులు, ఉద్యోగాలు, కొన్ని బంధుత్వాలు మార్చాను; పేర్లు అసలే వాడలేదు. హన్మకొండలో కుటుంబ సలహాదారుగా పనిచేసే నా దగ్గరికి పండుగల చుట్టూ పెరిగిన ఇబ్బందులతో వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. సద్దుల బతుకమ్మ నాటి పట్టుచీర గురించి, దసరాకు వచ్చే అల్లుడికి పెట్టే బట్టల గురించి మొదలైన మాటలు నెలల తరబడి మౌనంగా మారిన ఇళ్లను చూశాను కనుక, దీన్ని ఒక మతానికి చెందిన సమస్యగా చదవవద్దని ముందే మనవి చేస్తున్నాను. అయితే ప్రతి పండుగ ఒత్తిడికీ దానిదైన చరిత్ర ఒకటి ఉంటుంది. ఆ చరిత్రను వినకుండా ‘ఆడంబరాలు తగ్గించుకోండి’ అని చెబితే ఆ మాట ఎందుకు ఎక్కదో ఈ కుటుంబంతో చేసిన పనిలో చాలా స్పష్టంగా కనిపించింది.

వచ్చిన ఇబ్బంది

మొదట వచ్చింది ఇంటి పెద్ద కోడలు. వయసు 38 ఏళ్లు, ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. రాత్రిపూట గుండెదడ, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం ఆమె చెప్పిన లక్షణాలు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, రక్త పరీక్షలు అన్నీ చేయించి, ఏ లోపమూ కనిపించకపోవడంతో వైద్యుడు నా దగ్గరికి పంపారు. ఆందోళనను కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళిలో ఆమెకు 21కి 12 వచ్చింది. 10 నుంచి 14 దాకా వస్తే మోస్తరు ఆందోళనగా పరిగణిస్తాం. కుంగుబాటు లక్షణాలు పెద్దగా లేవు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు లేవు, డ్యూటీలో పొరపాట్లు జరగడం లేదు.

ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగినప్పుడు ‘ఈ పది రోజులనుంచే’ అన్నారు. గత సంవత్సరం ఇదే సమయంలో ఎలా ఉండేదని అడిగితే కాసేపు ఆలోచించి, తన ఫోన్‌లో పాత డ్యూటీ చార్టులు వెతికి చూశారు. వరుసగా మూడేళ్లు డిసెంబర్ మొదటి, రెండో వారాల్లో ఆమె సిక్ లీవు పెట్టారు. క్రైస్తవ సంఘాల్లో పండుగకు సిద్ధపడే ఆగమన కాలం క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారంతో, అంటే నవంబర్ 27కీ డిసెంబర్ 3కీ మధ్య మొదలవుతుంది. ఆమె గుండెదడ కూడా ఇంచుమించు ఆ వారంలోనే మొదలై, 26వ తేదీ సాయంత్రానికి తగ్గి, కొత్త సంవత్సరానికల్లా పూర్తిగా మాయమయ్యేది. పండుగంటే భయమా అని అడిగాను. ‘భయం గాదు మేడం. పదో తరగతి పరీక్ష లెక్క అనిపిస్తది. పేపరు దిద్దెటోళ్లు ఇంటికొస్తరు, ఇంట్ల కూసుంటరు, తిని పోతరు’ అన్నారు. ఆ మాట విన్నాక ఇది ఆమె ఒక్కదానితో తేలే విషయం కాదని అర్థమై, తక్కినవాళ్లను కూడా రమ్మన్నాను.

ఇల్లు, మనుషులు, పనులు

మామగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. అత్తగారికి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పెద్ద కొడుకు ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడు. వాళ్లకు పద్నాలుగేళ్ల కూతురు, తొమ్మిదేళ్ల కొడుకు. చిన్న కొడుకు, అతని భార్య హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తారు. ఆడబిడ్డ కరీంనగర్‌లో ఉంటుంది. పండుగకు అందరూ కాజీపేట ఇంటికే చేరతారు.

ఆ ఇంట్లో డిసెంబర్ నెల ఎలా గడుస్తుందో అందరినీ కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. హాలు గోడలకు రంగులు, కొత్త కర్టెన్లు, సోఫా కవర్లు, ఏడుగురికో తొమ్మిదిమందికో కొత్త బట్టలు, అవి కూడా ఫోటోలో ఒకే రంగులో కనిపించేలా చూసుకోవడం, అరిసెలు, సకినాలు, మురుకులు, గరిజెలు, గులాబి పువ్వులు అని ఐదు రకాల పిండివంటలు, వాటిని చుట్టుపక్కల ఇళ్లకు పళ్లాల్లో పంచడం, క్రిస్మస్‌కు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ రోజు, సంఘంలోని స్త్రీల సమాజం వాళ్లు వచ్చినప్పుడు టిఫిన్లు, రాత్రి కేరల్స్ పాడుతూ వచ్చే యువకులకు చాయ్, కేకు, కానుక, పండుగనాడు పాస్టర్ గారి కుటుంబానికి, అత్తగారి అక్క కుటుంబానికి, చిన్న కోడలి తల్లిదండ్రులకు భోజనం. ఈ పనుల్లో ఎక్కువ భాగం నైట్ డ్యూటీ నుంచి వచ్చిన నర్సు చేతుల మీదుగా జరిగేవి. అత్తగారు మోకాళ్లు సహకరించినంత మేర పక్కనే కూర్చుని చేసేది. మగవాళ్లు సరుకులు తెచ్చేవాళ్లు, నక్షత్రం కట్టేవాళ్లు.

డబ్బు సంగతి త్వరగానే బయటపడింది. అంతకు ముందు సంవత్సరం సోఫా సెట్ వాయిదాల మీద కొన్నారు. బట్టలకూ రంగులకూ చాలక కోడలి గాజులు తాకట్టు పెట్టారు. పండుగ అయిపోయి ఏడాది కావస్తున్నా ఆ వడ్డీ నడుస్తూనే ఉంది. ఇది మామగారికి తెలియదు. ఆ రోజు అందరి ముందు తెలిసినప్పుడు ఆయన కోప్పడలేదు, చాలాసేపు మాట్లాడలేదు.

అత్తగారు చెప్పిన సంగతి

ఇలాంటి కేసుల్లో కుటుంబాన్ని సరళమైన పండుగ వైపు నడిపించాలన్న తొందర సలహాదారులకు సహజంగానే కలుగుతుంది. నేను ముందుగా ఆ రంగులు, ఆ కొత్త బట్టలు ఈ ఇంటికి ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవాలనుకున్నాను. మూడు తరాల కుటుంబ వృక్షాన్ని కాగితం మీద గీస్తూ, ఒక్కొక్కరినీ తమకు గుర్తున్న మొట్టమొదటి క్రిస్మస్ గురించి చెప్పమన్నాను. అత్తగారి వంతు వచ్చేసరికి గది వాతావరణం మారింది. ఆమె పుట్టింది డోర్నకల్ దగ్గర ఒక పల్లెలో.

‘మా బాపు దొర దగ్గర జీతమున్నడు మేడం. ఏడాదికి ఒక్కటే జత బట్టలు, అవి క్రిస్మస్‌కే. ఆ దినం మా వాడల ప్రతి గోడకు సున్నం, ముంగట ముగ్గు. ఊరోళ్లు ఆ తొవ్వన పోతూ నిలవడి చూసేటోళ్లు. తక్కిన దినాలు మా దిక్కు చూడనోళ్లు గూడ ఆ దినం చూసేటోళ్లు. ఆ ఒక్క దినం మేం ఎవరికన్న తక్కువ లేమనిపించేది’ అన్నారామె. ఆమె పెద్ద కొడుకు ఈ మాట అంతకు ముందు ఎన్నడూ వినలేదట.

ఉత్తర తెలంగాణలో పనిచేసే సలహాదారులకు ఈ నేపథ్యం తెలిసి ఉండటం అవసరం. 1912లో వి.ఎస్. అజరయ్య డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఆ దశాబ్దాల్లో ఆ ప్రాంతపు పల్లెల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. ఇక్కడి కట్టడాలతో పోలికలున్న శిల్పరీతిలో కట్టిన డోర్నకల్ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠితమైంది. అటు మెదక్ చర్చిని మిషనరీ పాస్నెట్ దొర ఆధ్వర్యంలో, కరువు కాలంలో కూలీలకు పనీ తిండీ కల్పిస్తూ కట్టి, సరిగ్గా 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. ఊరి చివర వాడల్లో బతికిన మనుషులకు ఆ గుడులు, ఆ గంటలు, సంవత్సరానికి ఒక్కసారి కట్టుకునే ఆ తెల్లబట్టలు తలెత్తుకుని నిలబడటానికి దొరికిన ఆధారాలు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషితో ‘బట్టల్లో ఏముంది, మనసు ముఖ్యం’ అంటే ఆమెకు వినబడేది ‘మళ్లీ పాత గుడ్డలే కట్టుకో’ అని. నా ఉద్దేశంలో ఈ కుటుంబపు ఒత్తిడిని ఆడంబరం అని పిలవడమే అన్యాయం. అది గౌరవం కోసం మొదలైన పని. తరం మారేసరికి దాని బరువు ఒకే మనిషి మీద పడి, కారణం మాత్రం మరుగున పడిపోయింది.

ఎవరి చూపు, ఎవరి కోసం

‘నలుగురు చూస్తరు గదా’ అన్న మాట మా సంభాషణల్లో పదే పదే వచ్చేది. ఆ నలుగురు ఎవరో ఒక్కొక్కరినీ విడివిడిగా, పక్కవాళ్లకు చూపించకుండా, కాగితం మీద పేర్లతో సహా రాయమన్నాను. ఈ పని చూడటానికి చిన్నదే గానీ, కేసు మలుపు తిరిగింది ఇక్కడే.

భర్త రాసినవి ఇద్దరు సహోద్యోగుల పేర్లు. వాళ్లు ఆ ఇంటికి పండుగనాడు వచ్చింది ఒకే ఒక్కసారి. మామగారు ఎవరి పేరూ రాయలేదు. కూతురు తన చిన్నాన్న భార్య చెల్లెలి పేరు రాసింది. కోడలి కాగితం మీద మొదటి పేరు అత్తగారిది. అత్తగారి కాగితం మీద తన అక్క పేరు, సంఘంలోని మరొకామె పేరు ఉన్నాయి. వాళ్లు చూస్తే ఏమంటారని అడిగితే ఆమె ఇచ్చిన జవాబు ఇది: ‘ఇల్లు బోసిగ కనవడితే కోడలికి చాతగాదంటరు. ఆమె పొద్దుందాక దవాఖానల నిలవడి వస్తది. ఆమెను ఎవరన్న ఒక్క మాటంటె నేను పడలేను.’

కోడలు అత్తగారి కోసం చేస్తోంది. అత్తగారు కోడలికి మాట రాకూడదని చేయిస్తోంది. ఇద్దరిలో ఎవరికీ ఐదు రకాల పిండివంటలు అక్కర్లేదు. అమెరికాకు చెందిన మేనేజ్‌మెంట్ నిపుణుడు జెర్రీ హార్వే 1974లో ఇలాంటి పరిస్థితినే వర్ణించాడు. టెక్సాస్‌లో ఒక కుటుంబం మండుటెండలో అబిలీన్ పట్టణానికి భోజనానికి వెళ్లి అలసిపోయి తిరిగొచ్చిన తర్వాత గానీ, వెళ్లాలని నిజంగా ఎవరూ కోరుకోలేదన్న సంగతి బయటపడదు. పక్కవాళ్లు కోరుకుంటున్నారని ప్రతివాళ్లూ అనుకున్నారు. మన ఇళ్లలో ఇది మరింత గట్టిగా పాతుకుపోతుంది, ఎందుకంటే పెద్దవాళ్ల మనసు నొప్పించకూడదన్న మర్యాద, కోడలి మీద మాట పడకూడదన్న ప్రేమ రెండూ కలిసి నోళ్లు మూయిస్తాయి. ఆ కాగితాలు చదివాక కోడలు చాలాసేపు ఏడ్చారు. అత్తగారు ఆమె చేయి పట్టుకుని ‘నాకేం ఎరుక బిడ్డా, నీకే ఇష్టమనుకున్న’ అన్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. లూకా సువార్త పదో అధ్యాయంలోని మార్త, మరియల కథను ఇలాంటి కుటుంబాలకు గుర్తు చేయాలని చాలామంది అనుకుంటారు. పనుల తొందరలో పడిన మార్తను కాక, పాదాల దగ్గర కూర్చుని విన్న మరియను యేసు మెచ్చుకున్న సందర్భం అది. భర్త ఆ కథను ఎత్తగానే కోడలి ముఖం మాడిపోయింది. ‘ఆ వాక్యం చదివినోళ్లందరు తర్వాత అన్నానికి మా ఇంటికే వస్తరు. మార్త వండకపోతే ఎవరు వండుతరు?’ అని ఆమె అడిగారు. నాకు ఆ ప్రశ్న న్యాయంగా తోచింది. పని చేసే మనిషికి, పని గురించి ఆందోళన పడొద్దని చెప్పడం వల్ల పని తగ్గదు. నింద మాత్రం పెరుగుతుంది. అందుకే అక్కడినుంచి సంభాషణను వాక్యం మీద నుంచి వంటగది మీదికి మళ్లించాను.

చీటీల మీద పండుగ

ఇంట్లో పండుగకు జరిగే పనులన్నిటినీ, ఒక్కో చీటీ మీద ఒక్కో పని చొప్పున పిల్లలతో రాయించాం. చీటీ వెనుక ఆ పని ఎవరు చేస్తారు, ఎంతసేపు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అని రాశారు. తర్వాత చీటీలను మూడు కుప్పలుగా వేశారు: ఇది లేకపోతే మనకు పండుగే కాదు అన్నవి, ఉంటే సంతోషం అన్నవి, ఎందుకు చేస్తున్నామో ఎవరూ చెప్పలేకపోయినవి. ఏ చీటీనైనా మొదటి కుప్పలో వేయాలంటే దాన్ని చేసే మనిషి ఒప్పుకోవాలన్నది నేను పెట్టిన ఏకైక నియమం.

నా అంచనాలన్నీ ఇక్కడ తారుమారయ్యాయి. కొత్త బట్టల చీటీని అత్తగారు మొదటి కుప్పలో వేసి దాని మీద అరచెయ్యి పెట్టారు. దాన్ని ఎవరూ కదిలించే ప్రయత్నం చేయలేదు, చేయకూడదు కూడా. కానీ బట్టలన్నీ ఒకే రంగులో ఉండాలన్న చీటీని ఆమె తనంతట తానే మూడో కుప్పలోకి తోశారు. గోడల రంగులూ అక్కడికే చేరాయి. పిండివంటల్లో అరిసెలు, సకినాలు మిగిలాయి. మిగతా మూడూ రెండో కుప్పలోకి పోయి, చివరికి మానేశారు. యేసు పుట్టుకను చూపే పశువుల పాక, నక్షత్రం పిల్లలవి. పాకకు దుకాణంలో దొరికేది కాకుండా నిజమైన వరిగడ్డి కావాలని తొమ్మిదేళ్లవాడు పట్టుబట్టాడు. మామగారు ఒక ఖాళీ చీటీ అడిగి తీసుకుని, ‘బగారన్నం, మటన్ కూర నేను వండుతా’ అని రాశారు. రైల్వేలో ఉన్నప్పుడు బయటి ఊళ్లకు డ్యూటీ మీద వెళ్తే వంట ఆయనదేనట. పెళ్లయి పదిహేనేళ్లయిన కోడలికి ఈ సంగతి ఆ రోజే తెలిసింది.

కోడలు చివర రాశారు. క్రిస్మస్ ఉదయపు ఆరాధనలో ముగింపు ఆశీర్వాదం దాకా కూర్చోవాలని. బిర్యానీ దమ్ము చూసుకోవడానికి ఏటా ప్రసంగం మధ్యలోనే లేచి వచ్చేస్తున్నారామె. చికిత్స ఫలించిందో లేదో తెలుసుకోవడానికి జీఏడీ-7 స్కోరు కంటే ఈ కోరికే మెరుగైన కొలమానమని నిర్ణయించుకున్నాను.

అతిథుల భోజనాల విషయంలో క్యాలెండర్ సాయపడింది. తెలంగాణలో డిసెంబర్ 26 కూడా సెలవే కనుక, పెద్దమ్మ (అత్తగారి అక్క) కుటుంబాన్ని, చిన్న కోడలి తల్లిదండ్రులను మరునాటికి పిలిచారు. పండుగనాడు పాస్టర్ గారి కుటుంబం ఒక్కటే వస్తుంది. పాస్టరమ్మకు ఈ సంగతి ముందే చెబితే, ఆ రోజు తమకు చాలా ఇళ్లలో భోజనాలు ఉంటాయని, ఇక్కడ చాయ్ తాగి ప్రార్థన చేసి వెళ్తామని ఆమే అన్నారు.

ఈ ఏర్పాట్లకు సమాంతరంగా కోడలితో విడిగా చేసిన పని మామూలుదే: గుండెదడ వచ్చినప్పుడు నెమ్మదిగా ఊపిరి వదిలే అభ్యాసం, మూడింటికి మెలకువ వస్తే ఫోన్ చూడకుండా ఉండటం, ఆందోళన ఏ ఆలోచనతో మొదలైందో డైరీలో రాయడం. మందులు అవసరం కాలేదు.

పద్నాలుగేళ్ల అమ్మాయి

ఈ కుటుంబంలో చూపుల భారం మోస్తున్న రెండో మనిషిని నేను కాస్త ఆలస్యంగా విన్నాను, ఎందుకంటే ఆ పిల్ల అందరి ముందు మాట్లాడేది కాదు. ఒంటరిగా మాట్లాడినప్పుడు, పండుగ ఫోటో దిగనని చెప్పింది. ఏటా బంధువులు రాగానే మొదట వచ్చే మాట ‘నల్లవడ్డవేంది’ అనో, ‘లావైనవ్’ అనో. ఆ తర్వాత ఫోటో తీస్తారు, ఫోన్‌లో దాన్ని తెల్లగా చేస్తారు, అందరి వాట్సాప్ స్టేటస్‌లలో పెడతారు. ‘అండ్ల ఉన్నది నేను గాదు’ అంది.

ఈ విషయంలో అమ్మాయిని ధైర్యంగా ఉండమని చెప్పడం సరైన చికిత్స కాదు. మాట అనేది పెద్దవాళ్లు, ఆపాల్సిందీ పెద్దవాళ్లే. కుటుంబమంతా కూర్చుని రెండు విషయాలు ఒప్పుకున్నారు. పిల్లల రంగు, ఒళ్లు గురించి ఎవరైనా మాట ఎత్తితే జవాబు పిల్లలు చెప్పరు, తాతయ్య చెబుతారు. ఫోటోలను ఫోన్‌లో దిద్దరు, అందులో ఉన్నవాళ్లను అడగకుండా స్టేటస్‌లో పెట్టరు. తాతయ్య ఏం చెప్పాలో ఆ గదిలోనే సాధన చేశారు. మొదట కోపంగా వచ్చింది, తర్వాత మెల్లగా వచ్చింది: ‘మా బిడ్డ మా అమ్మ లెక్కనే ఉన్నది. మాకు గట్లనే మంచిగుంటది.’

హాలు గోడ

పండుగకు వారం ముందు అత్తగారు ఎవరికీ చెప్పకుండా వరంగల్ చౌరస్తా వెళ్లి కొత్త కర్టెన్లు తెచ్చారు. కోడలికి ఆ రాత్రి గుండెదడ మళ్లీ వచ్చింది. ఇలాంటి వెనకడుగు ఈ పనిలో తప్పక వస్తుంది కాబట్టి నేను దాన్ని మాట తప్పడంగా చూడలేదు. ఏం జరిగిందని అడిగితే, టీవీ వెనుక గోడ మీద చెమ్మ పట్టి పెచ్చులు లేచిన చోటు ఉందని, రంగు వేయడం లేదు కనుక కనీసం కర్టెన్ వేసి కప్పుదామనుకున్నానని ఆమె చెప్పారు. తన అక్క ఆ గోడ చూస్తుందన్నది ఆమె బెంగ.

ఆ గోడ గురించి మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. 2000లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్, అతని సహచరులు ప్రచురించిన ఒక ప్రయోగం గురించి అప్పుడు చెప్పాను. తాము సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడుక్కుని గదిలోకి వెళ్లిన విద్యార్థులు, అక్కడున్నవాళ్లలో దాదాపు సగం మంది దాన్ని గమనిస్తారని అనుకున్నారు. నిజానికి గమనించింది అందులో సగమే. ప్రయోగం కంటే ఆమెకు నచ్చింది దాన్ని తన ఇంట్లో చేసి చూడవచ్చన్న ఆలోచన. కర్టెన్ కట్టకుండా గోడను అలాగే వదిలేయాలని, ఎంతమంది దాని గురించి అడుగుతారో మనవడు లెక్క రాయాలని, ఎవరైనా అడిగితే ఆమె చెప్పాల్సిన జవాబు ముందే సిద్ధం చేసుకోవాలని అనుకున్నాం. ఆ కొత్త కర్టెన్లు పడకగది కిటికీకి వేశారు.

పండుగ

24 రాత్రి కేరల్స్ వచ్చిన యువకులకు ఈసారి అరిసెలు, చాయ్ ఇచ్చారు, కేకు కోయలేదు. తండ్రి ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని ఆ గుంపుతో పాటు మరికొన్ని ఇళ్లకు పాడుతూ వెళ్లాడు. ఉదయం మామగారు నాలుగింటికి లేచి మటన్ పొయ్యి మీద పెట్టారు. ఉప్పు కొంచెం ఎక్కువైందని ఆయనే ఒప్పుకున్నారు. అందరూ కొత్త బట్టలు కట్టుకున్నారు, ఒకరి రంగుకూ మరొకరి రంగుకూ పొంతన లేదు. కోడలు ఆశీర్వాదం దాకా కూర్చున్నారు. ఆ తర్వాత కూడా అరగంట సేపు చర్చి ముందు చెట్టు కింద నిలబడి, సంవత్సరాలుగా పలకరించని స్నేహితురాళ్లతో మాట్లాడారు.

మరునాడు పెద్దమ్మ వచ్చారు. గోడను చూసిన మొదటి మనిషీ, చివరి మనిషీ ఆమే. ‘ఈసారి రంగు ఎయ్యలేదా?’ అని అడిగారు. అత్తగారు సాధన చేసిన జవాబే చెప్పారు: ‘ఎయ్యలే అక్కా, చెమ్మ ఆరినంక ఎండకాలంల ఏద్దామనుకున్నం.’ పెద్దమ్మ తల ఊపి, తమ ఇంట్లోనూ బాత్రూం గోడ అలాగే ఉందని, మేస్త్రి దొరకడం లేదని చెప్పారు. అక్కచెల్లెళ్లిద్దరూ మేస్త్రీల గురించి అన్నం తినేదాకా మాట్లాడుకున్నారు. అమ్మాయి రంగు గురించి చిన్న కోడలి తల్లి ఏదో అనబోతే తాతయ్య తన వాక్యం చెప్పారు. ఫోటో మాత్రం ఆ పిల్ల దిగలేదు. ఎవరూ బలవంతం చేయలేదు.

తర్వాత

జనవరిలో కోడలి స్కోరు 5. అయితే ఆమెకు ఏటా జనవరిలో తగ్గేదే కాబట్టి ఆ సంఖ్యకు నేను ఎక్కువ విలువ ఇవ్వలేదు, మరుసటి డిసెంబర్ కోసం ఎదురుచూశాను. ఆ మధ్యలో మే నెలలో పైకప్పు నుంచి కారుతున్న పైపును బాగు చేయించి, గోడ పూర్తిగా ఆరాక రంగు వేయించారు. చలికాలంలో హడావుడిగా వేయించిన రంగు ప్రతి సంవత్సరమూ ఎందుకు పెచ్చులు లేచేదో మేస్త్రి చెప్పాక మామగారికి తెలిసింది.

రెండో డిసెంబర్‌లో ఆగమన కాలం మొదలైన వారంలో ఆమెకు రెండు రాత్రులు గుండెదడ వచ్చి పోయింది. స్కోరు 7. సిక్ లీవు పెట్టలేదు. చీటీలను కుటుంబం తామే మళ్లీ తీసింది. గులాబి పువ్వులు ఈసారి కూతురు కోరిక మీద మొదటి కుప్పలోకి తిరిగొచ్చాయి, వాటిని తండ్రీ కూతుళ్లు కలిసి చేశారు. మామగారి వంట ఖాయమైంది. ఆడబిడ్డ మాత్రం పండుగ చిన్నబోయిందని అన్నదట. అమ్మ ఇంటికి వచ్చినప్పుడు తనకు కావాల్సింది ఏమిటో ఒక చీటీ మీద రాసి పెట్టమని అత్తగారు ఆమెనే అడిగారు. ఆమె ‘అమ్మ పక్కన పడుకోవాలి’ అని రాసింది.

గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. పండుగకు మిగిలిన డబ్బు ఆ అప్పుకే కడుతున్నారు, అయినా మరో ఏడాది పడుతుంది. హైదరాబాద్ నుంచి చిన్న కోడలు తెచ్చే ఖరీదైన కానుకల విషయం కూడా తేలలేదు. వాటికి తగినవి తిరిగి ఇవ్వలేమన్న బాధ పెద్ద కొడుకును ఇప్పటికీ పీడిస్తోంది. తమ్ముడితో ఆ మాట తనే మాట్లాడతానని, భార్యతో చెప్పించనని అతను అన్నాడు. తమ్ముడు వచ్చే నెలలో కాజీపేట వస్తున్నాడు. ఆ మాట ఎలా ఎత్తాలన్నదే ప్రస్తుతం మా మధ్య నడుస్తున్న పని.